వసంతోత్సవము - బాలుర చేతిపని
(వార్షిక మహాసభ మొదటినాటి సాయంకాలమున చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు వసంతోత్సవ ప్రాశస్త్యమును గూర్చి ఒక గంటసేపు ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు మాకు వ్రాసినారు. 1984 మొదలు 2019 వరకు పిల్లలకు సంస్కృతమును తెలుగును చెప్పి పొట్టపోసికొన్నవారము గనుక అట్టి ప్రసంగమునకు వలయు సామగ్రి మావద్ద లేకపోలేదు. హర్షుని రత్నావళి ప్రథమాంకమున కౌశాంబీ నగర పౌరులు చిమ్మనగ్రోవులు పట్టి ఆడిన మదనోత్సవమును వర్ణింపవచ్చును. కొండవీటి కుమారగిరిరెడ్డి ఆస్థానమున వసంతోత్సవములు జరిగిన వైభవమును, ఆయనకు కర్పూర వసంతరాయ డను బిరుదము కలిగిన విధమును చెప్పవచ్చును. కుమారసంభవ తృతీయసర్గలోని అకాల వసంతమును ఎత్తికొన్నచో గంట చాలదు. మీరు చప్పట్లు కొట్టుదురు, మేము కూర్చుందుము, ఆపైన అందఱము పులిహోరకు లేతుము.

అయినను మా మనస్సు ఆ దారిని పోవుటలేదు. ఉగాదికి ఇంక మూడు వారములే యున్నవి. కాముని పున్నమకు వారమే యున్నది. మన యిండ్లలోని పిల్లలు ఈ రెండు పండుగలకు తమ చేతులతో ఏమి చేయుదురని మేము విచారింపగా, చాలమంది ఏమియు చేయరని తెలిసినది. కావున వసంతోత్సవమును గూర్చి చెప్పుటకంటె, వసంతమున మన పిల్లలచేత చేయింపదగిన చిన్న పనులను గూర్చి చెప్పుట మేలని తలంచితిమి. దీనికి మా జీవితమునందలి ఒక తప్పిదము కారణము. దానిని ముందు చెప్పనిదే తక్కిన మాటలు అతుకవు.

అది 1987వ సంవత్సరము ఫాల్గుణమాసము. నల్లమల అంచున నున్న ఒక మెట్టగ్రామపు పాఠశాలలో ఎనిమిదవ తరగతికి నీతిశ్లోకములు చెప్పుచుంటిమి. రూపము, యౌవనము, గొప్ప కులమునందు పుట్టుక, ఇన్ని యుండియు విద్య లేనివారు వాసనలేని మోదుగపువ్వువలె రాణింపరని చెప్పు శ్లోకమును మీలో చాలమంది చదివియే యుందురు. పదవిభాగము చేసి, ప్రతిపదార్థము వ్రాయించి, కింశుక శబ్దమును విడదీసి చూపితిమి. కిం శుకః, అనగా ఇది చిలుకయా యేమి? పువ్వు రేకు చిలుకముక్కువలె వంగి ఎఱ్ఱగా నుండుటచే ఈ పేరు వచ్చినదని చెప్పగా, వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి, "మోదుగపువ్వా అయ్యవారూ? మా చేని గట్టున చెట్టంతా అదే గదా!" అనెను. మంచిది, కూర్చుండు మంటిమి. ఆ చెట్టు పాఠశాలకు అరమైలు దూరమున లేదు. మేము ఆ యూరికి వచ్చి మూడేండ్లయినను దానిని చూచి యెఱుగము. ఆ శ్లోకమును మాత్రము అప్పటికి ఎన్ని తరగతులకు చెప్పియుంటిమో లెక్కలేదు.

మరునాడు ఆ బాలుడు కండువానిండ పువ్వులు మూటగట్టి తెచ్చినాడు. బల్లమీద పోయబోగా, మరకలగును, బయట పెట్టుమని కసరితిమి. వాడు బయటనే పెట్టినాడు. విరామ సమయమున వాటిని నీళ్లకుండలో పిసికి, ఆ పసుపునీటిని స్నేహితులపై చల్లినాడు. నాలుగు చొక్కాలు పాడైనవని ఫిర్యాదు వచ్చినది. మేము బెత్తము తీసికొని వాని రెండు అరచేతులమీదను రెండేసి దెబ్బలు కొట్టితిమి.

వాడు మూడు దినములు బడికి రాలేదు. నాలుగవ నాడు మేమే వాని యింటికి పోతిమి. వాకిటిలో వాని తల్లి పొయ్యిమీద పెద్ద డేగిసా పెట్టి, ఆ పువ్వులనే కాచి, పండుగకు పాతబట్టలకు రంగు వేయుచున్నది. మమ్ము చూచి లేచి, పీట వేసి, మజ్జిగ తెచ్చి యిచ్చి, నిజముగా తెలిసికొనగోరు కంఠముతో ఇట్లడిగినది: "ఆ పువ్వు దేనికీ పనికిరాదని చెప్పినారంట గదా అయ్యవారూ, నిజమేనా?"

మేము మజ్జిగ త్రాగి వచ్చితిమి. ఆమెకు ఉత్తరము చెప్పలేదు. శ్లోకకర్త వాసన లేదన్నాడే గాని పనికిరాదనలేదని ఇప్పుడు చెప్పగలము. కాని నాడు తరగతిలో మేము చెప్పినది పనికిరాదనియే. ఆ బాలుడు మరల బడికి వచ్చినాడు, పదవతరగతితో చదువు మానినాడు. మానుటకు ఆ బెత్తపు దెబ్బ ఎంతవఱకు కారణమో మేము వానిని అడుగలేదు.

ఆ వేసవి సెలవులలో మేము ఆ మోదుగను గూర్చి చదివితిమి. చదివినదానికంటె ఆ యూరివారి నడిగి తెలిసికొన్నది హెచ్చు. మూడేసి ఆకులు ఒక కాడకు వచ్చును. వానితో విస్తళ్లు కుట్టుదురు. వేరునార త్రాళ్లకు వచ్చును. చెక్కపైని గాటునుండి కారు ఎఱ్ఱబంకను మందులలో వాడుదురు. లక్కపురుగు నివసించు చెట్లలో రేగువలె మోదుగయు నొకటి. యజ్ఞమున సమిధలు దానివి. ఉపనయనమున వటువు చేతికి పలాశదండ మిచ్చుట గృహ్యసూత్రములలో నున్నది. ఇన్ని యుపయోగములు గల చెట్టును, వాసన యొక్కటి లేదన్న కారణమున, మూర్ఖునకు ఉపమానముగా నిలిపి పిల్లలచే వల్లె వేయించితిమి. మొదటి దోషము కవిది కావచ్చును. చెట్టును చూడకుండ చెప్పిన దోషము మాది.

మరుసటి సంవత్సరమునుండి ఉగాదికి ముందటి శనివారము మధ్యాహ్నము పుస్తకములు కట్టించి, పిల్లలను చెట్లక్రిందికి తీసికొనిపోవ నారంభించితిమి. ఉద్యోగ విరమణ వఱకు, ఏ యూరికి బదిలీ అయినను, దీనిని మానలేదు. ఇందులో మేము నేర్పినది కొంచెము, నేర్చినది హెచ్చు. మొదటి సంవత్సరమే పరాభవమైనది. విస్తళ్లు కుట్టింతమని ముప్పదిమంది పిల్లలను మోదుగాకులు కోసికొనిరండని పంపితిమి. గంటకు అందఱును వట్టిచేతులతో వచ్చి నవ్వుచు నిలువబడిరి. మోదుగ ఆకంతయు రాల్చిన పిమ్మటనే పూయునన్న సంగతి వారిలో ప్రతివాడు ఎఱుగును. అయ్యవారు చెప్పినారు గదా యని పోయినారు. ఆకు ముందే కోసి, ఎండబెట్టి, బరువుక్రింద అణచి, దాచిపెట్టుకొని, కుట్టబోవు ముందు నీరు చిలుకరించి మెత్తపరతురట. ప్రక్కయింటి ముసలమ్మ యొకతె మాపై జాలిపడి, పచ్చి మఱ్ఱియాకు తెమ్మనమని, అరుగుమీద కూర్చుండి మాకును పిల్లలకును కలిపి పాఠము చెప్పినది.

విస్తరి కుట్టుట చూచుటకు సులభముగా నుండును. నడుమ నొక పెద్ద ఆకు వేసి, దాని చుట్టును తొమ్మిది పది ఆకులు, ఒకదానిపై నొకటి రెండు వ్రేళ్ల మందము ఎక్కునట్లు పేర్చి, చీపురు ఈనెపుల్లతో పైనుండి క్రిందికి గ్రుచ్చి, మరల పైకి తెచ్చి, మిగిలినది త్రుంచవలెను. పుల్ల పొడవైనచో అన్నములో గ్రుచ్చుకొనును, పొట్టిదైనచో ఊడిపోవును. ఆకు ఈనెను చీల్చునట్లు గ్రుచ్చినచో ఆకు రెండగును. మా మొదటి విస్తరిలో సాంబారు నిలువలేదు. ఏడవ తరగతి బాలిక యొకతె కుట్టిన విస్తరిలో చెంబెడు నీరు పోసినను చుక్క జారలేదు. అంతవఱకు ఆ బాలికను మేము మందమతి యని తలంచియుంటిమి. శబ్దమంజరి ఆమెకు రాదు. ఆనాడు తక్కిన పిల్లలందఱు ఆమె చుట్టు చేరిరి. అటుపైన తరగతిలో గూడ ఆమె గొంతు విననైనది. ఇట్టివి చూచిన పిదప, తెలివికి మేము పెట్టుకొన్న కొలత మీద మాకే అనుమానము పుట్టినది.

ఇక రంగుమాట. మోదుగపువ్వు కోయ నక్కరలేదు. చెట్టుక్రింద రాలినవే చాలును. నీడను ఆరబెట్టి దాచవచ్చును. తవ్వెడు ఎండుపువ్వులను రెండు చెంబుల నీటిలో రాత్రి నానవేసి, ఉదయమున సన్నని సెగపై కాచి, గుడ్డతో వడియగట్టినచో నారింజవన్నె కలిసిన పసుపునీరు వచ్చును. దానిని మూడు గిన్నెలలో పోయుడు. ఒక దానిలో చిటికెడు పటికపొడి వేసినచో పసుపు తేటపడును. ఒకదానిలో సున్నపుతేట నాలుగు చుక్కలు వేసినచో వన్నె ఎఱుపునకు తిరుగును. మూడవది ఉన్నదున్నట్లు విడువుడు. ఉతికిన తెల్లని నూలుగుడ్డ ముక్కలను మూటిలోను ముంచి ఆరవేయించినచో ఒకే పువ్వునుండి మూడు వన్నెలు పిల్లల చేతికి వచ్చును. నాలుగవ గిన్నెలో ఏమి వేయవచ్చునని వారే అడుగుదురు. మాకు చింతపులుసు వేసి చూపిన బాలుడు గలడు.

మోదుగ దొరకని పట్టణములలో పసుపే చాలును. మన యాడువారు పారాణి కలుపు విధము పిల్లలు చూచియే యుందురు. పసుపును సున్నమును కలియగానే ఎఱ్ఱనగును. వసంతమాడుటకు మన పెద్దలు కలుపుకొన్న ఎఱ్ఱనీరు ఇదియే. ఆ ఎఱ్ఱనీటిలో నిమ్మరసము పిండినచో మరల పసుపగును. దీనిని మొదట చూచిన పిల్లవాని మొగము చూడదగినది. సున్నము మాత్రము పెద్దలే తాకవలెను. తడిసున్నము కంటిలో పడినచో చూపునకే మోసము. పైకి తేరిన తేటను మాత్రమే చుక్కలుగా వాడవలెను. దానిని కలిపిన నీటిని మొగములపై చల్లనీయరాదు. చల్లుటకు వట్టి మోదుగనీరే మంచిది.

జాగ్రత్తల మాట వచ్చినది గనుక తక్కినవియు నిక్కడనే చెప్పెదము. జిల్లేడు పాలు కంటికి తగులరాదు. గన్నేరు చూచుటకు అందమైనను కాయ, ఆకు, కొమ్మ అన్నియు విషమే. పిల్లల చేతికి ఈయరాదు. మట్టిబొమ్మలకు కన్నులుగా గురివింద గింజలు పెట్టుట మన యిండ్లలో వాడుక; ఆ గింజ కొఱికి మ్రింగినచో ప్రాణాపాయము. చిన్నపిల్లలున్నచోట దానికి బదులు మిరియపు గింజ పెట్టుడు. అతికించుటకు అంగడి జిగురు అక్కరలేదు. తుమ్మజిగురు నీటిలో నాననిచ్చినచో చాలును. చింతగింజల పిండి ఉడికించిన అంటు ఇంకను గట్టిది. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి చెక్క ముక్కలను అతుకుటకు అదియే వాడుదురు.

ఉగాది నాటి మామిడితోరణమును గూర్చి చెప్పుట హాస్యాస్పదమని మీరనుకొనవచ్చును. కాని హైదరాబాదునందు మా మనుమరాలి యింటి గుమ్మమునకు ప్లాస్టికు తోరణము కట్టియున్నది. ఒక యేడు మేము నిజమైనది కట్టితిమి. మూడవనాటికి ఆకు వాడి ముడుచుకొనగా ఆ బిడ్డ, "తాతగారూ, మీది చెడిపోయింది, మాది ఏడాదంతా బాగుంటుంది" అన్నది. దానికి మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మఱునాడు ఆ వాడిన యాకునే ఆమెచేత నలిపించి వాసన చూపించితిమి. మామిడికాయ వాసన వచ్చినదని గంతులు వేసినది. పిదప ప్లాస్టికు ఆకును గూడ నలిపి చూచి, మా వంక చూచినది. అంతకంటె మేమేమియు బోధింపలేదు.

తోరణమునకు లేతచిగురు పనికిరాదు, వెంటనే వ్రాలును, ముదురాకు కావలెను. వరిగడ్డి పురి గాని నారత్రాడు గాని తీసికొని, ఆకు తొడిమవైపును త్రాడుమీదుగా వెనుకకు మడిచి, ఈనెపుల్లతో గ్రుచ్చవలెను. ఆకునకు ఆకునకు నాలుగు వ్రేళ్ల యెడము, అనగా సుమారు మూడు అంగుళములు. నాలుగడుగుల గుమ్మమునకు ఎన్ని ఆకులు కావలెనని మేము తరగతిలో అడుగుచుంటిమి. నలువదియెనిమిదిని మూటితో భాగించి పదునాఱని అందఱు అరతురు. త్రాడు కట్టి చూపినచో పదునేడు పట్టును. ఎడములు పదునాఱు, ఆకులు పదునేడు. లెక్కల ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వారము దినములు చెప్పినను తలకెక్కని సంగతి గుమ్మమువద్ద ఒక నిమిషములో ఎక్కినది. పదునేడాకులకు పదునేడే కోయించితిమి. కొమ్మ విఱువరాదు. చెట్టు పరులదైనచో పిల్లలే పోయి అడుగవలెను. కట్టిన పిమ్మట ఆ యింటివారికి కొంచెము ఉగాదిపచ్చడి తీసికొనిపోవలెను. ఆ పచ్చడికి వేపపువ్వు దులుపుటయు పిల్లల పనియే. కొమ్మక్రింద బట్ట పఱచి, తేలికగా తట్టి, రాలినదానిని చేటలో చెఱిగి, పువ్వు వేరు పుల్ల వేరు చేయుటకు గంట పట్టును. తాను చెఱిగిన పువ్వు చేదని పిల్లవాడు ఉమ్మివేయడు. దీనిని మేము చాలసార్లు చూచితిమి.

తాటియాకు, కొబ్బరియాకు పనులు మీకు తెలిసినవే గనుక విస్తరింపము. కొబ్బరియాకు బూర, గడియారము, పాము. తాటియాకు బొమ్మల పెండ్లి. శ్రీరామనవమికి పిల్లలు వేసికొను పిడికెడంత పందిరి, ఇవన్నియు మీరు చేసినవారే. గాలిగిరక నొక్కదానిని చెప్పెదము. రెండు తాటాకు ముక్కలను అడ్డముగా పెట్టి, నడుమ తుమ్మముల్లు గ్రుచ్చి, జొన్నదంటుకు గుచ్చి గాలికెదురు పరుగెత్తుట. ఆకు చదునుగా నున్నచో తిరుగదు. అంచులు కొంచెము మెలితిప్పినచో తిరుగును. ఏ ప్రక్కకు తిప్పిన ఏ ప్రక్కకు తిరుగునో పిల్లలు తమలో తాము వాదించుకొందురు. మీరు చెప్పివేయవలదు. తాటిమొవ్వను మాత్రము త్రుంచనీయకుడు. తాటికి పెరుగుటకు ఆ యొక్కచోటే యున్నది, అది పోయినచో చెట్టే పోవును.

ఇంతవఱకు వినినవారిలో కొందఱి మనస్సున నొక మాట మెదలుచుండునని మాకు తెలియును. ఏలయన ఆ మాటను మన సంఘపు పెద్ద యొకరే 1996లో మా మొగముమీద అన్నారు. "మా వాడిని మీవద్దకు నాలుగు ముక్కలు సంస్కృతము వచ్చునని పంపితిమి. విస్తళ్లు కుట్టుటకు, బుట్టలు అల్లుటకు వేఱే కులములవారున్నారు గదా!" ఆయన చెడ్డవారు కారు. పేద విద్యార్థులకు ఫీజులు కట్టిన దాత. ఆయన మాటలో మన యిండ్లలోని నిజమైన భయ మొకటి కలదు. రెండు మూడు తరముల క్రిందట మనవారు పొలమునుండియు చేతిపనినుండియు తప్పించుకొని కలము పట్టినారు. మరల పిల్లవాని చేతికి ఆకు, పుల్ల ఇచ్చినచో వెనుకకు నెట్టినట్లగునేమో యని ఆయన శంక. ఈ శంకను మేము పరిహసింపము.

కాని ఒక సంగతి యోచింపుడు. విస్తరి కుట్టెడివారు వేఱొకరున్నారు గనుక మన పిల్లవాడు నేర్వనక్కరలేదన్నప్పుడు, వాడు నేర్చికొనునది సంస్కృతము కాదు. కుట్టెడివారు తనకంటె తక్కువవారని నేర్చికొనును. మేము నేర్చికొన్నట్లే. ఆ బాలుని అరచేతిమీద దెబ్బ కొట్టునప్పుడు మాకు కలిగిన ధైర్యమునకు వాని రంగునీరు కారణము కాదు. మన పిల్లవాడే ఆ పువ్వులు తెచ్చియుండినచో మేము బెత్తము తీయకపోవుదుము. ఈ మాట ఇన్నాళ్లు ఏ సభలోను చెప్పలేదు. మనవారి యెదుట చెప్పుటయే న్యాయమని ఇచ్చట చెప్పితిమి.

ఆ పెద్దమనుష్యుని యెడ మేము వాదము పెట్టుకొనలేదు. ఆ సంవత్సరపు ఉగాదికి ఆయన కుమారుడు కుట్టిన విస్తరిని ఆయనకే వడ్డనకు పంపితిమి. ఆయన దానిలో భోజనము చేసినారని విన్నాము. అంతకుమించి యేమియు అనలేదు; మరుసటియేట పిల్లవానిని మాన్పింపను లేదు.

చేతిపనిని చదువులో చేర్చుట క్రొత్తమాట కాదు. రవీంద్రుని చిన్నకుమారుడు శమీంద్రనాథుడు 1907లో శ్రీపంచమినాడు శాంతినికేతనమున తోటి పిల్లలతో ఋతూత్సవము జరిపినాడు; పదునొకండేండ్లు నిండకమునుపే, ఆ సంవత్సరముననే, కీర్తిశేషుడైనాడు. నేడు దేశమంతట ప్రసిద్ధికెక్కిన శాంతినికేతన వసంతోత్సవమునకు మూలము ఆ పసివాని యాట. 1937లో వార్ధాయందు మహాత్ముడు కూర్చిన విద్యాసభ చేతివృత్తి చుట్టును చదువంతయు అల్లవలెనని తీర్మానించినది. మా చిన్ననాటి బడిలో దాని శేషముగా తకిలీ తిప్పించెడివారు. దారము తెగినందుకు దెబ్బలు తినుట తప్ప దానివలన మాకు మిగిలిన దేమియు లేదు. పనిని గూడ పాఠమువలెనే బెత్తముతో చెప్పినచో ఫలమిట్లుండును. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు పది దినములు పుస్తకపు సంచి లేకుండ స్థానిక వృత్తికారులవద్ద గడుపవలెనని చెప్పినది. కాగితముమీద మంచిమాట.

వృత్తికారులను చూడదలచినవారు ఏటికొప్పాకకు పోవుడు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఆ యూరివారు అంకుడు కఱ్ఱను తరిమెనపట్టి, లక్కతో సహజవర్ణములు పూసి బొమ్మలు చేయుదురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. వానికి చెట్ల రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. పిల్లలను అచటికి తీసికొనిపోయి ఒక బొమ్మ కొనియిచ్చుట మంచిదే. పిల్లవాడు ముందుగా ఇంటివద్ద మూడు గిన్నెల రంగు చేసి చూచి, పిదప అచటికి పోయినచో, ఆ చేయి తిరిగిన పనివాని యెదుట తానెంత తెలియనివాడో గ్రహించి నమస్కరించును. ఇది మేము చెప్పి చేయించిన నమస్కారము కాదు.

ఇక సంఘమునకు మా విన్నపములు రెండు. ఈ పందిరి నలంకరించినవారు చాల శ్రమపడినారు. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని వేదిక వెనుక తెల్లని థర్మోకోలు చెక్కిన హంసలు రెండున్నవి. అలంకారమునకు థర్మోకోలు వాడుట 2022 జులై 1 నుండి నిషిద్ధమని కార్యవర్గమువారు ఎఱుగరేమో. వచ్చు సంవత్సరమున ఈ పని మన పిల్లలకు ఒప్పగింపుడు. తాటాకు హంసలు ఇంత నున్నగా నుండవు. మెడ వంకర పోవచ్చును. పోషకులు దానికి నొచ్చుకొనరని మా నమ్మకము.

రెండవది, మన విద్యార్థి వసతిగృహమును గూర్చి. నిరుడు ఒక దాతగారి ఔదార్యమున ఆవరణ మంతయు సిమెంటు చేయబడినది. వానకాలపు బురద పోయినది, సంతోషమే. ఇప్పుడచట అఱువదిమంది పిల్లలుండియు ఉగాదినాడు ఒక మామిడియాకు కొని తెచ్చుకొనవలసినదే. దాతగారి పేరుగల రాతిపలకను కదల్పనక్కరలేదు. తూర్పుగోడ ప్రక్కను రెండు గజముల చదరము చొప్పున రెండుచోట్ల సిమెంటు పగులగొట్టి, ఒకచోట మామిడి, ఒకచోట మోదుగ నాటుటకు సెలవు వేడుచున్నాము. మోదుగకు వాసన లేదని ఎవ్వరేని ఆక్షేపించినచో మేము వ్రాతమూలముగా సమాధాన మిత్తుము. మొక్కలకు, మొదటి రెండేండ్లు నీరు పోయు కూలికి అగు వ్యయమును మా పింఛనునుండి ఇచ్చుకొందుము.

మొదట చెప్పిన బాలుని సంగతి కొంత మిగిలినది. 2008లో మరల ఆ ప్రాంతపు పాఠశాలకే మాకు బదిలీ అయినది. ఫాల్గుణమాసమున ఒక దినము ఆఱవ తరగతి బాలిక కండువాలో మూట తెచ్చి బల్లమీద పెట్టి, "మా నాన్న ఇచ్చి రమ్మన్నాడండి" అన్నది. విప్పి చూడగా మోదుగపువ్వులు. తండ్రి పేరడిగితిమి. వాని పేరే. పువ్వులు బల్లమీదనే పోయుమంటిమి. ఆ మరక ఆ బల్లకు చాల దినములుండెను. అతడు ఇప్పటికిని ప్రతి సంవత్సరము ఎండుపువ్వుల సంచి యొకటి బస్సువారిచేత మా యింటికి పంపుచున్నాడు. ఈ యేటి సంచి మొన్ననే వచ్చినది. దానిని వెంట తెచ్చితిమి.

రేపు ఉదయము ఏడు గంటలకు, సభ యారంభమునకు ముందు, వంటశాల ప్రక్కనున్న వేపచెట్టుక్రింద కూర్చుందుము. పువ్వులను ఈ రాత్రియే నానవేయుదుము. పిల్లలను పాతచొక్కాలతో పంపుడు. ఈనెపుల్లలు, మఱ్ఱియాకులు, నారత్రాడు మావద్ద గలవు. నూలుగుడ్డ ముక్కలు తలకొక మూడు కావలెను. పట్టు, సిల్కు వలదు. తల్లిదండ్రులు గూడ రావచ్చును గాని, పిల్లవాని చేతిలోని పుల్ల లాగికొని తామే కుట్టువారు దూరముగా కూర్చుండవలెను.